రోజూ తిప్పే గడియారం

జూన్ 3

అత్తా,

నీకు వందనాలు, నీ కుట్టుమిషన్‌కి ముద్దులు.

మొన్న ఆదివారం నాన్న హాస్టలు గేటు ముందు లారీ ఆపి, లోపలికి వినబడేలా హారను కొట్టి, వార్డెనమ్మ చేత చీవాట్లు తిని, ఆ తర్వాత నన్ను పిలిపించాడు. నువ్వు పంపిన రెండు గౌన్లూ అందాయి. ఈ హాస్టల్లో జేబులున్న గౌన్లు నావి మాత్రమే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని నాలాంటి వాళ్ల కోసమే దేవుడు జేబులు కనిపెట్టించాడేమో!

నాన్న కూర్చున్నంతసేపూ టైర్ల సంగతే చెప్పాడు. తీరా వెళ్లేటప్పుడు మెట్ల మీద ఆగి, చెవి గోక్కుంటూ, "మీ అత్త ఒక్కతే అయిపోయిందే. నీ మాటైతే వింటుంది. నువ్వే ఏదో ఒకటి ఆలోచించి రాయి" అన్నాడు. "అలాగే నాన్నా" అన్నాను. ఆలోచించాను. అందుకే రాస్తున్నాను.

నాకూ ఒక పని తగులుకుంది. ఆదివారం సాయంత్రం ఇక్కడ ప్రార్థన కూటం ఉంటుంది. "రేపు టీచరమ్మవు కాబోతున్నావు, నలుగురిలో నోరు విప్పకపోతే ఎలా?" అని వార్డెనమ్మ నా నెత్తిన ప్రసంగాలు పెట్టింది. సామెతలు, ప్రసంగి, యోబు, ఈ జ్ఞానగ్రంథాల్లోంచి మన రోజువారీ బతుక్కి పనికొచ్చేది ఏరి చెప్పాలి. ఇక్కడ కొందరి ఇళ్లలో తాతలు కూడా కాలేజీలు చూసినవాళ్లే. మన ఇంట్లో అక్షరాలు వచ్చింది నాకూ నీకూ. అదీ ఒకే ఒకటో తరగతి పుస్తకంలో, ఒకే దీపం కింద. అందుకని నువ్వే నాకు తోడు రావాలి. ఉత్తరానికో మాట పంపుతాను. నువ్వు చదివి, అది మన వీధిలో పనికొచ్చిందో లేదో రాయాలి. నీ దగ్గర నిలబడ్డ మాటే నలుగురిలో చెబుతాను.

ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాను. నాలుకను అదుపులో పెట్టుకొమ్మని సామెతల్లో అడుగడుగునా ఉంది. కాబట్టి ఇకమీదట ఉత్తరాల్లో ఎవరి మీదా చాడీలు రాయను. నవ్వకు.

ఇక మొదటి మాట. సామెతలు ఇరవై ఏడో అధ్యాయంలో ఉంది: పొద్దున్నే లేచి గొంతెత్తి పొరుగువాణ్ణి దీవిస్తే, ఆ దీవెన కూడా శాపం కిందే జమ అవుతుందట. మంచి మాటకైనా వేళాపాళా ఉండాలని దీని అర్థం. ఇది ఒకరిని మనసులో పెట్టుకునే ఎంచాను. ఎవరని అడగకు, చెప్పను. కొందరికి మొహం మీద చెబితే తప్ప తెలియదు, అంతే.

జేబుల్లో చేతులతో,
నీ మేనకోడలు

జూన్ 12

చిట్టి పంతులమ్మకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం వచ్చేసరికి నేను తెల్లబట్టలో మునిగి ఉన్నాను. పాటల బృందానికంతటికీ కొత్త అంగీలు కుట్టమని పాస్టరమ్మ చెప్పింది. బొంగురు గొంతు పెద్దాయన నడుముకి టేపు అందలేదు. "కాస్త ఊపిరి బిగబట్టండి" అన్నాను. బిగబట్టాడు. గుండీ తెగి నా కళ్లజోడుకి తగిలింది.

మీ నాన్న ఆ సంగతి నీ చెవిన వేశాడన్నమాట. నాకు రాయడానికి చెయ్యాడక వాణ్ణి చెప్పమన్నాను. టైర్ల మధ్యలో మర్చిపోతాడేమో అనుకున్నాను గానీ, చెప్పాడు. నువ్వు ఇంత సూటిగా జవాబు రాస్తావని మాత్రం అనుకోలేదు. పేరు పెట్టకుండా వాక్యం పంపించావు. పెద్దదానివయ్యావు.

నువ్వన్నట్టే చేశాను.

ఎదురుగా గడియారాల కొట్టు మేస్త్రి తెలుసుగా. రోజూ నేను షట్టరు ఎత్తేసరికి గుమ్మంలో ఉంటాడు. ఒక చెవి వినబడదు, అందుకని లోకమంతా చెవిటిదనుకుంటాడు. "స్తోత్రం టైలరమ్మగారూ! ఈ దినమంతా ప్రభువు మిమ్మల్ని దీవించుగాక!" అని అరుస్తాడు. పావురాలు లేచిపోతాయి. లోపలికొచ్చి గోడ గడియారం తలుపు తెరిచి, తాళంచెవి తిప్పి, ఒక కప్పు టీ తాగి వెళ్తాడు. మర్నాడు రాగానే నీ వాక్యం పుణ్యమా అని చెప్పేశాను. "మేస్త్రిగారూ, ఇకనుంచి పొద్దున్నే రావద్దు" అన్నాను. "ఏంటీ?" అన్నాడు. మళ్లీ చెప్పాను. "ఏంటీ?" అన్నాడు. చివరికి నేనే వీధి దద్దరిల్లేలా అరవాల్సి వచ్చింది. వినబడింది. టీ తాగకుండా వెళ్లిపోయాడు.

వాక్యం వాక్యమే. నాకేం బాధ లేదు. నిన్న కాజాలు కుడుతుంటే వేల్లో సూది దిగింది, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఒకటే వింత. ఆయన మానేశాక గడియారం ఆగిపోతుందనుకున్నాను. ఇంకా టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఏం తిని బతుకుతోందో మరి.

వేలికి కట్టుతో,
అత్త

జూన్ 19

ధైర్యవంతురాలైన మా అత్తకి,

శభాష్! మాట అందిందో లేదో, అమల్లో పెట్టేశావు. నేను చిన్నప్పుడు ఆ మేస్త్రి అరుపుకి మంచం మీంచి దొర్లి పడ్డ సంగతి గుర్తుందా? ఇన్నేళ్లకి ఒకరు ఆయనకి చెప్పగలిగారు.

ఆదివారం నా మొదటి ప్రసంగం అయింది. లేచి నిలబడగానే గొంతు ఎటో వెళ్లిపోయింది. జేబులో చేతులు పెట్టి వెతుక్కున్నాను, అక్కడ దొరికినట్టుంది. నీ కథే చెప్పాను, పేరు లేకుండా. పావురాల దగ్గర అందరూ నవ్వారు. ఆపైన భయం పోయింది.

నాన్న చెప్పిన విషయం గురించి బెంగపెట్టుకోకు. దానికి కూడా ఒక మాట దొరికింది. ప్రసంగి నాలుగో అధ్యాయం చదువు. ఒక్కడి కంటే ఇద్దరు మేలట. ఒకడు పడితే రెండోవాడు లేపుతాడు. ఒంటరివాడు పడితే లేపే దిక్కు లేదు. ఇద్దరు కలిసి పడుకుంటే వెచ్చగా ఉంటుంది, ఒక్కడికి వెచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుందని అడుగుతాడు. ఎంత నిజం! ఇక్కడ వానలకి గది చల్లబడింది, కిటికీ రెక్క సరిగా పడదు.

ఈ మాట ఎవరి కోసమంటే, ఒంటరిగా ఉండటమే గొప్ప అనుకుంటూ, దగ్గరికి వచ్చినవాళ్లని దూరం పెట్టే ఒక మొండిమనిషి కోసం. ఆ మనిషి నీకు బాగా తెలుసు. బుద్ధి వచ్చేదాకా రోజూ చదవమన్నానని చెప్పు!

దుప్పటి కప్పుకుని,
నీ మేనకోడలు

జూన్ 27

ఒసేయ్ పంతులమ్మా,

ఒక్క మాట మీద నిలబడవే!

పొద్దున్నే వచ్చేవాణ్ణి తరిమెయ్యమన్నావు. తరిమేశాను. ఇప్పుడేమో ఒక్కరికంటే ఇద్దరు మేలంటావు, వెచ్చదనం అంటావు. నాలాంటి దానికి ఇలాంటి మాటలు రాయడానికి నీకు సిగ్గు లేకపోయినా, చదవడానికి నాకుంది. మిషన్ దగ్గర కూర్చుని చదివాను, పెడల్ మీద కాలు ఆడలేదు. పైగా మొండిమనిషినట! ముందు గెంటించిందెవరు, ఇప్పుడు దెప్పేదెవరు? నన్నిలా మింగలేక కక్కలేక చేశావు.

నీకు తెలిసిందే అయినా, మనసు విప్పి మళ్లీ చెబుతున్నాను. ఈస్టరు తర్వాత ఆయన పాస్టరమ్మ చేత అడిగించాడు. నన్ను పెళ్లి చేసుకుంటానని. నలభై ఆరేళ్లకి నాకు పెళ్లేంటని నవ్వేశాను. ఆ నవ్వు రెండు రోజులు ఆగలేదు, అప్పుడు భయమేసింది. "మా పిల్లని అడగాలి" అన్నాను. మీ అమ్మ పోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో నువ్వూ నేనే. మీ నాన్న రోడ్డు మనిషి. నువ్వు కాదంటే కాదు, అంతే. అందుకే నీ మొదటి ఉత్తరం రాగానే ఆయన్ని వద్దన్నాను.

గడియారం చివరికి ఆగింది. నేనే తాళంచెవి తిప్పాను. మళ్లీ వారం నడిచింది. అంటే వారానికి ఒకసారి తిప్పితే చాలు. మరి ఆ మనిషి ఇన్నాళ్లూ రోజూ ఎందుకు తిప్పినట్టు?

అడుగుదామంటే రాడు. వేరే ఊళ్లో గడియారపు గోపురం చూసుకునే పని ఒప్పుకున్నాడట. వచ్చే నెల పదిహేనున సామాను సర్దుకుని వెళ్లిపోతాడని పాస్టరమ్మ చెప్పింది. గోపురం ఎత్తుమీద ఎంత అరిచినా ఎవరికీ ఇబ్బంది ఉండదన్నాడట.

సూటిగా రాయి. కాదంటే కాదను, ఔనంటే ఔనను. వాక్యం చాటున దాక్కోకు.

నీ జవాబు కోసం షట్టరు సగం ఎత్తి కూర్చున్న,
అత్త

జూలై 3

అయ్యో అత్తా,

నాకు ఏమీ తెలియదు. ఏమీ! నాన్న నాకు పెళ్లి అన్న మాటే చెప్పలేదు. "మీ అత్త ఒక్కతే అయిపోయింది, ఆలోచించి రాయి" అన్నాడు, చెవి గోక్కున్నాడు, లారీ ఎక్కాడు. నీకు పొద్దుపోవడం లేదేమో, నాలుగు మంచి మాటలు రాయమంటున్నాడనుకున్నాను. నీ ఉత్తరం చదివాకే అసలు సంగతి తెలిసింది.

పొద్దున్నే గొంతెత్తేది నా గదిలో ఉండే పాటలమ్మాయి. ఇంకా వెలుతురు రాకముందే మంచం మీద నిలబడి స్తుతిగీతాలు మొదలుపెడుతుంది. చాడీలు రాయనని ఒట్టు పెట్టుకున్నానుగా, అందుకే పేరు మింగేశాను. ఆ మొండిమనిషివి నువ్వు కాదు, నేనే! పిల్లలకి పాఠం చెప్పే అభ్యాసానికి ఆ అమ్మాయితో నన్ను జత చేశారు. ఒంటరిగా వెళ్తానని వార్డెనమ్మతో గొడవపడ్డాను. ప్రసంగి మాట నాకు నేను రాసుకున్నది. "నీకు బాగా తెలుసు" అంటే నువ్వు పెంచిన పిల్ల అని. చాడీ చెప్పకూడదన్న నా భక్తి చూడు, నోరు మూసుకుని మరీ నీ ఇంటి ముందుకి వచ్చిన మనిషిని తరిమేసింది.

సంగతి వినకముందే జవాబిచ్చేవాడికి తన మాటే తెలివితక్కువ, తన మాటే సిగ్గు అని ఆ సామెతల్లోనే ఉంది. చదివాను, కింద గీత కూడా గీశాను. గీసిన గీత పుస్తకంలోనే ఉండిపోయింది.

సూటిగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. చదవగానే మొదట నాకు గుర్తొచ్చింది కిటికీ పక్కన నా మంచం. అది తీసేస్తారేమో అనిపించింది. ఎంత చిన్న మనసో చూడు. తర్వాత పుస్తకం తెరిచాను. వద్దని చెప్పాలనుకుంటే దానికో వాక్యం దొరికేలా ఉంది, సరే అని చెప్పాలనుకుంటే దానికో వాక్యం. నాకు కావలసిన జవాబుని దేవుడి నోట పలికించబోతున్నానని తెలిసి భయమేసి మూసేశాను. యోబు స్నేహితులు కూడా నోరు మూసుకుని పక్కన కూర్చున్నన్నాళ్లే మంచివాళ్లు. నోరు తెరిచాకే చెడ్డారు.

అందుకని ఈసారి వాక్యం లేదు, ప్రశ్న ఉంది. నేను ముందే అడగాల్సిన ప్రశ్న.

అత్తా, నీకు ఆయన కావాలా?

కావాలంటే నా ఉత్తరం కోసం ఆగకు. పదిహేనో తేదీ దగ్గరకొచ్చేసింది. షట్టరు పూర్తిగా ఎత్తి, రోడ్డు దాటు.

కన్నీళ్లో నవ్వో తెలియని,
నీ మేనకోడలు

జూలై 11

నా బంగారుతల్లీ,

ముందు నవ్వాను. తర్వాత మీ నాన్నని తిట్టాను. మళ్లీ నవ్వాను. వాడు నిన్ననే వచ్చాడు. "చెప్పాను కదే! ఒక్కతే అయిపోయింది అన్నానంటే అర్థం కాదా?" అంటాడు. వాడికి తెలిసిన భాష హారనొక్కటే.

తప్పు నీ ఒక్కదానిదీ కాదే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నీ ప్రతి మాటా నా గురించే అనుకున్నాను. కొలత తీసుకోకుండా నువ్వు కత్తిరించావు, ఎవరి చొక్కానో అడక్కుండా నేను తొడుక్కున్నాను.

నువ్వు అడిగిన ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పాస్టరమ్మ, నలుగురూ ఏమంటారో ఆలోచించావా అంది. మీ నాన్న, పిల్ల ఏమంటుందో అన్నాడు. నేను కూడా నన్ను అడుక్కోలేదు.

కావాలే.

అలా అనుకోగానే మెడలో టేపు మెడలోనే, చేతిలో సుద్దముక్క చేతిలోనే, రోడ్డు దాటాను. ఎదురుగా ఉన్న కొట్టే, ఇన్నేళ్లలో ఒక్కసారైనా లోపలికి అడుగుపెట్టలేదు. గోడలనిండా గడియారాలు, ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. ఆయన అటు తిరిగి గడియారాలకి దూది చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు. నేను పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, దారంతా కూడగట్టుకున్నదంతా చెప్పేశాను. పొరపాటు జరిగిందన్నాను, పొద్దున్నే రావాలన్నాను, వెళ్లొద్దన్నాను. ఇంత చక్కగా నా జన్మలో మాట్లాడలేదు.

ఆయన ఇటు తిరిగి, "అరెరె, టైలరమ్మగారా! ఎప్పుడొచ్చారు?" అన్నాడు.

వినబడని చెవి వైపు నిలబడ్డానే! చెవిటివాడి ముందు శంఖం అంటే ఇదే. అటు వైపు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడే గడియారాలు కొట్టడం మొదలుపెట్టాయి. ఒకటి మూడు కొడితే ఇంకోటి పదకొండు. ఇక లాభం లేదని గొంతెత్తాను. "వారానికోసారి తిప్పితే చాలు కదా మేస్త్రీ, రోజూ ఎందుకు తిప్పారు?"

ఆయన దూది కింద పెట్టేశాడు. మొదటిసారి ఆ మనిషి మెల్లగా మాట్లాడటం విన్నాను. "రోజూ తిప్పడానికి అందులో ఏముందండీ? తాళంచెవి పెట్టి మళ్లీ తీసేవాణ్ణి. రావడానికి ఇంకో వంక దొరకలేదు."

"అయితే రేపటి నుంచి వంక లేకుండా రండి!" అని అరిచాను. రొట్టెల కొట్టావిడ గుమ్మంలోకి వచ్చి, "ఒప్పుకోవయ్యా మేస్త్రీ, లేకపోతే ఈవిడ గొంతు పోయేలా ఉంది!" అంది. వీధంతా చప్పట్లు కొట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, బాగానే ఉంది.

గొంతు బొంగురుపోయిన,
అత్త

జూలై 17

పెళ్లికూతురు అత్తకి,

నీ ఉత్తరం చదివి మంచం మీద ఎగిరాను. పాటలమ్మాయి "ఏమైంది?" అని లేచింది. ఒట్టు గట్టున పెట్టి మొత్తం చెప్పేశాను. తన పాట దగ్గరి నుంచి నీ పెళ్లి దాకా. చెప్పాక గానీ తెలియలేదు, నేను తన గురించి తన ముందే చాడీ చెప్పానని. నాలుక కరుచుకున్నాను.

తనేమందో తెలుసా? "నువ్వే కదా అడిగావు!" అంది. హాస్టల్లో చేరిన రోజు, "నాకు పొద్దున్నే మెలకువ రాదు, కాస్త లేపుతావా?" అన్నానట. మనిషిని తట్టి లేపితే ఉలిక్కిపడతారని, పాట పాడి లేపుతోందట. ఇన్నాళ్లూ నేను దుప్పటి ముసుగేసుకుని పళ్లు నూరుకుంటుంటే, ఇంకా లేవలేదేమోనని ఇంకో చరణం ఎత్తుకుందట. వేళ మార్చుకున్నాం. ఇప్పుడు తెల్లవారాక పాడుతోంది, నేను కూడా కలుపుతున్నాను. నా గొంతు విని తనే ముసుగేసుకుంటోంది. అభ్యాసానికి ఇద్దరం కలిసే వెళ్తున్నాం.

ఆదివారం ఆఖరి ప్రసంగం. సామెతల్లో పక్కపక్కనే రెండు మాటలున్నాయి. మూర్ఖుడికి వాడి ధోరణిలో జవాబివ్వకు అని ఒకటి, ఇవ్వు అని ఇంకొకటి. ఇదివరకు చదివినప్పుడు రాసినవాళ్లు పొరబడ్డారేమో అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. ఎదుటి మనిషి ఎవరో, ఆ రోజు ఏ రోజో చూసుకోమని రెండూ పక్కపక్కన పెట్టారు. దేవుని మాట రాయి కాదు, కనబడిన కిటికీ మీదికి విసరడానికి. ముందు వినాలి. విన్నాక ప్రేమించాలి. ఆ తర్వాత మాట ఉంటే చెప్పాలి. దేవుడికి భయపడటం జ్ఞానానికి మొదలంటే, నాకు అన్నీ తెలుసని అనుకోకపోవడం కూడా అందులోదే. ఇదే చెప్పాను. చివర్లో నీ అనుమతి లేకుండా, వినబడని చెవి సంగతి కూడా చెప్పేశాను. వార్డెనమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. నవ్వి నవ్వి.

సంతోషంగా నీ రొట్టె తిను, ప్రేమించినవాళ్లతో సుఖంగా బతుకు అని ప్రసంగి చెప్పిన మాట నీ పెళ్లికి నా కానుక. ఈసారి ఎవరి కోసమో స్పష్టంగా రాస్తున్నాను: నీ కోసం, ఎదురు కొట్టు మేస్త్రిగారి కోసం.

అన్నట్టు, ఆయన వెళ్తానన్న గోపురం పని ఏమైంది?

పాట నేర్చుకుంటున్న,
నీ మేనకోడలు

ఆగస్టు 1

మా పంతులమ్మకి,

పెళ్లి ఈ నెల చివరి శనివారం. నీ సెలవులు చూసుకునే పాస్టరుగారితో ఖాయం చేయించాను. మీ నాన్న లారీలో నిన్నూ ఆ పాటలమ్మాయినీ తీసుకొస్తాడు. ఆ రోజు పొద్దున్న తను ఎంత గట్టిగా పాడినా అడ్డుచెప్పేవాళ్లు లేరని చెప్పు.

నా గౌను నేనే కుట్టుకుంటున్నాను. నీకు మల్లే జేబులు పెట్టాను. పాస్టరమ్మ "పెళ్లి గౌనుకి జేబులా!" అని బుగ్గలు నొక్కుకుంది. చేతులు వణికితే దాచుకోవద్దా మరి?

నీ మంచం కిటికీ పక్కనే ఉంది. అది కదలదు. ఆయన గడియారాలన్నీ ఇంటికి తెస్తానంటే, "పిల్ల గదిలో ఒక్కటి కూడా మోగకూడదు" అన్నాను. సరేనన్నాడు. ఆ మాటకి కూడా పావురాలు లేచిపోయాయి.

గోపురం పని వదల్లేదు. దాన్ని ఆయనే చూస్తాడు గానీ ఇక్కడి నుంచే. మిగతాది నీకు తనే రాస్తానంటున్నాడు. పక్కన నిలబడి అడుగుతున్నాడు, ఇస్తున్నాను. గొంతు చూసి అక్షరాలు కాగితం దాటిపోతాయనుకుంటావేమో. జీవితమంతా చిన్న చిన్న చక్రాలతో గడిపిన చెయ్యి. చూడు, ఆవగింజల్లా రాస్తాడు.

నీ అత్త

అమ్మాయికి దీవెనలు. వేళ చూసుకుని, సాయంత్రం పూట, మెల్లగా రాస్తున్నాను. గోపురం గడియారానికి వారానికి ఒకసారి వెళ్లి తిప్పి వస్తే చాలు. ఇంట్లోది మాత్రం రోజూ తిప్పాలి.